టెట్‌కు చదివిన పియాజే, వైగాట్‌స్కీ క్లాసులో ఎక్కడ పనికొస్తారు?

మేడం, మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసై, 2024 డీఎస్సీ నియామకాల్లో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా వచ్చారు. నర్సంపేట దగ్గర ప్రాథమిక పాఠశాల, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మీ గదిలోనే. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన మనస్తత్వవేత్తలు పియాజే, వైగాట్‌స్కీ, బ్రూనర్, స్కిన్నర్ అందరినీ పరీక్షకు బట్టీ పట్టారు, మార్కులూ వచ్చాయి. ఇప్పుడు బోర్డు ముందు నిలబడితే ఒక్కరూ గుర్తుకు రావడం లేదు. పిల్లలు పాఠం వింటూ తలూపుతారు, మర్నాడు అడిగితే మొహాలు చూస్తారు. మీ హెచ్ఎం సార్ "అవన్నీ పరీక్ష దాకనే, ముందు సిలబస్ కానియ్యండి" అన్నారు. ఆయన మాట నిజమేనా, కాకపోతే ఎవరి సిద్ధాంతం పాటించాలి అని మీ ప్రశ్న.

ఆయన మాట సగం నిజం. రేపు పాఠం ఎలా చెప్పాలో ఏ సిద్ధాంతమూ చెప్పదు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడానికి మాత్రం అక్కరకొస్తుంది. పాఠ్య పథకం రాసేటప్పుడు పియాజేను పిలవకండి, స్లేటు మీద తప్పు కనబడ్డప్పుడు పిలవండి. ఎవరో ఒకరినే ఎంచుకోవాల్సిన పని లేదు, ఒక్కో రకం తప్పుకు ఒక్కొక్కరు పనికొస్తారు. కొందరిని పూర్తిగా పక్కన పెట్టొచ్చు, వాళ్ల సంగతి తర్వాత.

నేను ఉద్యోగంలో చేరి ఇరవై నాలుగేళ్లు. పరకాల, వర్ధన్నపేట, ములుగు వైపు బళ్లలో పని చేశాను. మొదటి పదేళ్లు నాకూ ఇవన్నీ పరీక్ష ముచ్చట్లే. ఒక పత్తి లెక్కతో నా ఆలోచన మారింది.

వర్ధన్నపేట వైపు ఊరు, ఐదో తరగతి, నవంబరు నెల. ఒక పిల్లవాడు 43 × 9 గుణకారానికి 3627 అని రాశాడు. ఎట్లొచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది: నాలుగు తొమ్మిదులు 36, మూడు తొమ్మిదులు 27, రెండూ పక్కపక్కన పెట్టేశాడు. నేను తప్పు కొట్టి, దశ పైన వేసుకోవాలని (27లో 7 కింద రాసి, 2 పైన) మళ్లీ చెప్పాను. నా ముందు మూడు లెక్కలు సరిగ్గా చేశాడు. మర్నాడు మళ్లీ అదే తంతు. అజాగ్రత్త అనుకున్నాను. ఒకటి రెండు సార్లు అరిచాను కూడా.

అదే వారం సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, పక్కనే ట్రాలీ దగ్గర పత్తి ఏరిన కూలీలకు మేస్త్రీ తూకం వేస్తున్నాడు. ఆ పిల్లవాడు వాళ్ల అమ్మ కొంగు పట్టుకొని ఉన్నాడు. ఆమె మూట 43 కిలోలు తూగింది. ఆ ఏడు కిలోకు 9 రూపాయలు. మేస్త్రీ ఇంకా జేబులోంచి ఫోన్ తీయకముందే వీడు "మూడొందల ఎనభై ఏడు" అన్నాడు.

మర్నాడు పక్కకు పిలిచి ఎట్ల చెప్పినవని అడిగాను. "నలభై కిలోలకు మూడొందల అరవై, మూడు కిలోలకు ఇరవై ఏడు సార్" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. అప్పుడు 3627 ఉన్న స్లేటు చేతికిచ్చి, "మరి ఇదేంది?" అన్నాను. చాలాసేపు చూశాడు. "సార్, గిన్ని పైసలొస్తే మా అమ్మ రేపు పనికెందుకు పోతది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వి అరచేత్తో స్లేటు తుడిచేశాడు. ఆ తర్వాత 360, దాని కింద 27 రాసి కూడటం మొదలుపెట్టాడు. దశ పైన వేయడం ఆ పనికే అడ్డదారి అని నేను మూడు వారాల తర్వాత గాని చెప్పలేదు.

టెట్ పుస్తకంలో సాంశీకరణం (కొత్తదాన్ని పాత ఆలోచనకే అతికించుకోవడం), అనుగుణ్యం (పాత ఆలోచననే మార్చుకోవడం), అసమతుల్యత (రెండూ పొసగక ఇబ్బంది పడటం) అని మీరు చదివింది ఇదే. వాడి తలలో రెండు లెక్కలున్నాయి. ఒకటి ఇంటిది, ఒకటి బడిది. రెండూ ఎన్నడూ ఎదురెదురు పడలేదు. నేను నియమం పదిసార్లు చెప్పినా బడి లెక్కకు ఇంకో ముక్క అతికింది తప్ప, పాత లెక్క కదల్లేదు. రెండూ ఒకేచోట కనబడి గుద్దుకున్నాక కదిలింది. మన దగ్గరే ఇట్లని కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె పట్టణంలో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లల మీద చేసిన పరిశీలన 1985లో అచ్చయింది. బేరం దగ్గర అడిగిన లెక్కలకు ఆ పిల్లలు 98 శాతం సరైన జవాబు చెప్పారు. అలాంటి లెక్కలే కాగితం మీద ఉత్త అంకెలతో ఇస్తే 37 శాతమే. పరిశీలించింది ఐదుగురు పిల్లల్నే, అది గుర్తుంచుకోవాలి. కానీ వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వెళ్లొచ్చే ఇళ్ల పిల్లలతో పని చేస్తున్నాం కాబట్టి నాకు అది నమ్మబుద్ధవుతుంది.

పియాజే గురించి ఇంకో మాట. 1920 ప్రాంతంలో పారిస్‌లో ఆయనకు దొరికిన పని, పిల్లల తెలివి పరీక్షల ప్రశ్నలను సరిచూడటం. సరైన జవాబులను లెక్కపెట్టడం కంటే తప్పు జవాబు ఎందుకొచ్చిందో ఆరా తీయడం ఆయనకు ఆసక్తిగా అనిపించింది. మనం నాలుగు దశలు, వాటి వయసులు బట్టీ పడతాం గానీ, టీచరుకు పనికొచ్చేది ఆ ఆరా తీసే అలవాటే. దశలను ముద్రలాగా వాడితే చెడు కూడా చేస్తాయి. "వీడింకా మూర్త ప్రచాలక దశలోనే ఉన్నాడు సార్" (అంటే, కళ్లెదుట వస్తువులుంటేనే ఆలోచించగలడని) అని చెప్పి చేతులు దులుపుకున్న వాళ్లను చూశాను.

పైగా ఆ దశల్లోనూ మెలికలున్నాయి. రెండు వరసల చింతగింజలు సమానంగా పరిచి, తర్వాత ఒక వరసను ఎడంగా జరిపితే చిన్నపిల్లలు "ఇందులోనే ఎక్కువున్నయ్" అంటారు. మీరు మీ బడిలోనే చేసి చూడొచ్చు. అయితే 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే ఇద్దరు ఇదే ప్రయోగంలో ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరసను చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు "సమానమే" అన్నారు. పెద్దమనిషి తానే జరిపి, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, "మొదట చెప్పింది తప్పేమో, జవాబు మార్చమంటున్నారేమో" అని పిల్ల అనుకుంటుందని ఒక వివరణ.

మన క్లాసులో ఇది రోజూ జరుగుతుంది. సరైన జవాబు చెప్పిన పిల్లను "ఏందీ? మళ్లొకసారి చెప్పు" అనండి, మార్చేస్తుంది. ఎందుకంటే మనం తప్పు చెప్పినప్పుడే మళ్లీ అడుగుతాం. "ఎట్లొచ్చింది?" అని సరైన జవాబుకూ అడగండి. వారం పది రోజులు బెదురుతారు, తర్వాత అలవాటవుతుంది.

ఇక తీసివేత. మీ మూడో తరగతిలో రేపే చూడండి, 52 – 38 ఇస్తే కనీసం నలుగురు 26 రాస్తారు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు. ఇక్కడ బ్రూనర్ అవసరం. చేత్తో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో రాయడం: ఆయన 1966లో చెప్పిన మూడు రకాలు. నేను పొరకపుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేసి నేర్పాను. పుల్లలతో అందరూ 14 అన్నారు. పుల్లలు లోపల పెట్టేసి స్లేటు ఇస్తే మళ్లీ 26! బోధనోపకరణాలన్నీ ఉత్తవే అని ఆ రోజు స్టాఫ్ రూంలో గట్టిగానే అన్నాను.

పొరపాటు నాదే. పుల్లలు పొద్దున, స్లేటు మధ్యాహ్నం. పిల్లలకు అవి రెండు వేరు వేరు పనులు. తర్వాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాను. ఒకరి చేతిలో పుల్లలు, ఇంకొకరి చేతిలో స్లేటు. కట్ట విప్పగానే స్లేటు వాడు 5 కొట్టేసి 4 రాయాలి, 2ను 12 చేయాలి. విప్పకముందు రాయొద్దు, రాయకముందు ఇంకో పుల్ల తీయొద్దు. ఇంకోటి, పుల్లల నుంచి నేరుగా అంకెలకు వెళ్లి, మధ్యలో బొమ్మను మొదట నేను వదిలేశాను. బొమ్మంటే పదికి నిలువు గీత, ఒకటికి చుక్క, అంతే. పది రోజులు అచ్చంగా గీతలు, చుక్కలతోనే తీసివేతలు చేయించాను. పుల్లలు లేని చోట, అంటే పరీక్షలో, పిల్ల చిత్తుకాగితం మీద గీసుకోగలిగేది అదే. ఐదో తరగతి వాళ్లకు ఇది చిన్నతనం అనుకోకండి, అక్కడా సగం మందికి కావాలి.

వైగాట్‌స్కీకి వస్తే, సామీప్య వికాస మండలం అనే పేరు చూసి భయపడతాం. పిల్ల తనంతట తాను చేయగలిగేది ఒకటి, కొంచెం చెయ్యందిస్తే చేయగలిగేది ఇంకొకటి, ఆ రెంటి మధ్య జాగా అది. ఆ చెయ్యందించడానికి స్కాఫోల్డింగ్ అనే పేరు పెట్టింది ఆయన కాదు. 1934లోనే 37 ఏళ్లకు క్షయతో పోయాడు. ఆ మాట 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసంలోది. నేను మా కొత్త టీచర్లకు ఇల్లు కట్టేటప్పటి సెంట్రింగ్ గుర్తు చేసుకోమంటాను. స్లాబు పోసిన రెండో రోజే ఊడదీస్తే కూలుతుంది. నెలలు గడిచినా తీయకపోతే కింద గదిలో ఎవరూ ఉండలేరు. మనలో ఎక్కువమందిది రెండో తప్పు. పిల్ల చదువుతూ ఒక పదం దగ్గర ఆగగానే మనమే చదివేస్తాం.

నేను చదివించేటప్పుడు మొదట పదం కింద వేలు పెట్టి మొత్తం కలిసి చదువుతాను. కొన్ని రోజులకు మొదటి అక్షరమే అందిస్తాను. తర్వాత వేలు మాత్రమే. చివరికి ఏమీ లేదు, లోపల ఐదు అంకెలు లెక్కపెట్టుకుంటూ ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే అన్నిటికంటే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె తరగతి గదుల్లో టేపులు పెట్టి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడే పిల్లలూ పెరిగారు. మీ ఫోన్‌లో ఒక పీరియడ్ రికార్డు చేసుకొని వినండి. నేను విన్నాను, సిగ్గేసింది.

ములుగు వైపు బడిలో తండా నుంచి ఒక పాప వచ్చేది, రెండో తరగతి. రెండు నెలలు నోరు విప్పలేదు. రిజిస్టర్‌లో "వెనుకబడింది" అని నేనే రాశాను. ఒకరోజు వాచకంలో అంగడి బొమ్మ చూపిస్తుంటే, అదే తండా నుంచి వచ్చే నాలుగో తరగతి పిల్ల ఏదో పని మీద వచ్చి, పక్కన కూర్చొని లంబాడీలో ఏదో అడిగింది. ఈ పాప గడగడా చెప్పింది, గాజుల బండి, బుట్టలో కోళ్లు, బేరమాడుతున్న ముసలామె, అన్నీ. ఆ నాలుగో తరగతి పిల్ల నాకు తెలుగులో చెప్తుంటే నేను రాసిన మాట నాకే అడ్డం తిరిగింది. వెనుకబడింది పాప కాదు, ఆమె భాష రాని నేను. తర్వాతి నుంచి బొమ్మ చూపించాక ఐదు నిమిషాలు వాళ్ల భాషలో మాట్లాడుకోనిచ్చి, అప్పుడు తెలుగులోకి తేవడం మొదలుపెట్టాను. డిసెంబరుకు నాతో కొట్లాడేదాకా వచ్చింది. మీ గదిలో మూడు తరగతులున్నాయని బాధపడుతున్నారు గానీ, ఇట్లాంటి సాయానికి మూడు తరగతులు ఒకచోట ఉండటమే మేలు.

ఇదే వరసలో చిన్న విషయం. లెక్క చేస్తూ గొణుక్కునే పిల్లలను "నోరు మూసుకొని చెయ్యి" అంటాం. అది పెరిగేకొద్దీ పోయే స్వకేంద్రీకృత మాట అని మొదట్లో పియాజే అన్నాడు. కాదు, అదే మాట మెల్లగా లోపలికి వెళ్లి ఆలోచన అవుతుందని వైగాట్‌స్కీ వాదించాడు. నేను వైగాట్‌స్కీ వైపు. గొణుక్కోనివ్వండి. చెవి పెట్టి వింటే తప్పెక్కడ జరుగుతోందో కూడా దొరుకుతుంది.

తలూపి మర్నాడు మర్చిపోవడం గురించి అడిగారు. దీనికి పెద్ద తత్వం అక్కర్లేదు. మరపు ఎంత వేగంగా వస్తుందో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే అర్థం లేని అక్షరాలు తానే కంఠస్థం చేసి, తన మీదే చూసుకొని రాశాడు. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం మనకు ఇంకా దగ్గర. ఒక పాఠాన్ని మళ్లీ చదివిన వాళ్లు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు. మళ్లీ చదవకుండా, గుర్తు తెచ్చుకొని రాసిన వాళ్లు వారం తర్వాత బాగా చెప్పారు. అంటే బోర్డు మీద మళ్లీ చెప్తే ఆ పూటకు అర్థమైనట్టే ఉంటుంది, మీరు చూసే తలూపుడు అదే.

అందుకే రోజూ మొదటి ఎనిమిది నిమిషాలు ఐదు ప్రశ్నలు. నిన్నటివి రెండు, పోయిన వారానివి రెండు, పోయిన నెలది ఒకటి. స్లేట్లు పైకెత్తి చూపించాలి. మార్కులు లేవు, ఎవరు తప్పారో రాసుకోవడం లేదు. మార్కులు పెట్టారంటే ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) పరీక్ష టెన్షనే ఇక్కడికీ వస్తుంది, పక్కవాడి స్లేటు చూసి రాస్తారు. మూడు తరగతులకు మూడు రకాల ప్రశ్నలు రాయడం పొద్దున్నే కష్టం. నేను ఆదివారం సాయంత్రం కూర్చొని వారానికి సరిపడా రాసుకుంటాను.

మెప్పు, బహుమతులతో అలవాటు చేయొచ్చన్న స్కిన్నర్‌ను శిక్షణల్లో అందరూ తిడతారు గానీ, ఎక్కాలు, గుణింతాల్లాంటి వాటికి వెంటనే "సరైంది" అని చెప్పడం, చిన్న ముక్కలుగా నేర్పడం పనిచేస్తాయి. జాగ్రత్త బహుమతుల దగ్గరే. ఒక ఏడు నేను గ్రంథాలయం పెట్టెలోంచి కథల పుస్తకం చదివిన ప్రతివాళ్లకూ చాక్లెట్ ఇచ్చాను. పుస్తకాలకు ఎగబడ్డారు. సంక్రాంతి తర్వాత చాక్లెట్లు ఆపాను. అంతకుముందు ఊరికే చదివే ఇద్దరు ఆడపిల్లలు కూడా మానేశారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లలతో బొమ్మలు గీయించి చూసింది ఇదే: బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గింది. పిల్లలకు ఇష్టం లేని పనికి మొదట్లో ఆశ చూపండి, ఇష్టంగా చేసే పనికి వద్దు.

పక్కన పెట్టాల్సినవి. చూసి నేర్చుకునేవాడు, విని నేర్చుకునేవాడు, చేసి నేర్చుకునేవాడు అని పిల్లలను విడదీసే పట్టికలు మీకు ఏదో ఒక శిక్షణలో ఇస్తారు. 2008లో పాష్లర్, మరికొందరు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, పిల్లల శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. 1983లో బహుళ ప్రజ్ఞలు (తెలివి ఒకటే కాదు, చాలా రకాలు అనే మాట) చెప్పిన గార్డ్‌నరే, ఆ ప్రజ్ఞలూ ఈ శైలులూ ఒకటి కావని తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. మ్యాపు అందరికీ చూపించాలి, పద్యం అందరికీ వినిపించాలి. పాఠాన్ని బట్టి పద్ధతి మారాలి గానీ పిల్లవాడి నుదుట చీటీ అంటించి కాదు. బ్లూమ్ వర్గీకరణ (గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం లాంటి మెట్లుగా విడదీయడం) ప్రశ్నపత్రం తయారీకి బాగానే పనికొస్తుంది, అంతకు మించి బుర్ర పాడు చేసుకోకండి.

మూడు తరగతుల గది సంగతి. రోజులో ఒక్క గంట తరగతి గోడలు మర్చిపోండి. చదవడం, తీసివేత, ఈ రెండింట్లో ఎవరు ఎక్కడున్నారో చూసి మూడు గుంపులు చేయండి. ఐదో తరగతి పిల్ల మూడో తరగతి వాళ్లతో కూర్చున్నా పర్వాలేదు. మన ప్రభుత్వ బళ్లలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో స్థాయిని బట్టి పిల్లలకు నేర్పడం మీరు వినే ఉంటారు, ఉద్దేశం అదే. కానీ నెలకోసారైనా గుంపులు మారాలి. మారకపోతే పిల్లలే వాటికి పేర్లు పెట్టేస్తారు. మా దగ్గర ఒక గుంపును "ముద్దపప్పు బ్యాచ్" అన్నారు, అది నా చెవిన పడేసరికి రెండు నెలలైంది.

ఇక మీ హెచ్ఎం సార్. ఆయనతో సిద్ధాంతాల మీద వాదనకు దిగకండి. సిలబస్ గురించి ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది, అది నిజం. నేనైతే ఆ ఎనిమిది నిమిషాల ప్రశ్నలు, ఆ గంట గుంపులు, ఈ రెండే అడుగుతాను, అదీ దసరా సెలవుల దాకా. మిగతా పీరియడ్లు ఆయన చెప్పినట్టే నడపండి. ఒక రెండు రూళ్ల నోట్‌బుక్ పెట్టుకొని రోజుకు ఒక్క తప్పు మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కించండి, పక్కనే ఆ పిల్ల దానికి చెప్పిన కారణం ఆమె మాటల్లోనే. సెలవుల ముందు ఆయనకు ఆ నోట్‌బుక్కే చూపించండి. 52 – 38 కు మీ వాళ్లలో ఎంతమంది 26 రాశారో ఇక్కడ కూడా చెప్పండి. వేరే జవాబేదైనా వస్తే అది తప్పకుండా రాయండి, 94 రాసిన పిల్ల ఒకతి నా దగ్గర ఉండేది, 52కు 38 కలిపినా 90 అవ్వాలి కదా, అది ఎట్లొచ్చిందో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.